టోక్యోలో ఒక్క రోజు ఖాళీ దొరికితే తకావో కొండకు వెళ్లండి

టోక్యో వెళ్లినవాళ్లు ఒక రోజు షాపింగ్ మానేసి తకావో కొండ ఎక్కితే బాగుంటుంది. షింజుకులో కేయో లైన్ ఎక్స్‌ప్రెస్ రైలెక్కితే దాదాపు 50 నిమిషాల్లో తకావోసాన్‌గుచి స్టేషన్‌లో దిగుతారు. కొండ ఎత్తు 599 మీటర్లే.

ఎక్కేటప్పుడు 6వ నంబరు దారి పట్టండి. వాగు పక్కనే, దేవదారు చెట్ల నీడలో సాగుతుంది. వాన పడితే రాళ్లు జారతాయి కాబట్టి గ్రిప్ ఉన్న బూట్లు తప్పనిసరి. ఆకాశం తేటగా ఉంటే పైనుంచి ఫుజీ కనిపిస్తుంది, చలికాలంలో ఆ అవకాశం ఎక్కువ. దిగేటప్పుడు 1వ నంబరు దారిలో రండి. 744లో స్థాపించిన యకువోయిన్ గుడి ఆ దారిలోనే ఉంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే సగం దూరం కేబుల్ కార్ ఉంది.

ఇక తిండి. ఇక్కడ తొరొరో సోబా తినకుండా రావద్దు. గోధుమరంగు సోబా నూడుల్స్ మీద తురిమిన కొండ దుంప గుజ్జు వేసి ఇస్తారు. బెండకాయలా జిగురుగా ఉంటుంది, రెండు ముద్దలయ్యాక అలవాటైపోతుంది. శాకాహారులు మాత్రం గమనించండి: సోబా పులుసులో సాధారణంగా ఎండు చేపల రసం ఉంటుంది, పైకి తెలియదు. అలాంటివాళ్లు దారిలో నిప్పుల మీద కాల్చి అమ్మే బియ్యప్పిండి ఉండలు, దాంగో, అడగండి. పైన పూసే సాస్‌లో ఏముందో కూడా కనుక్కోండి. కేబుల్ కార్ పై స్టేషన్ దగ్గర నల్ల బీన్స్ పూర్ణంతో, తెంగు (జపాన్ జానపద కథల్లోని పొడవు ముక్కు కొండ దయ్యం) ముఖం ఆకారంలో చేసే వేడి తెంగుయాకి కూడా బాగుంటుంది.

చిల్లర యెన్‌లు, చెత్తకు ఒక కవరు వెంట ఉంచుకోండి. మీ చెత్త మీరే వెనక్కి తెచ్చుకోవాలి. నవంబరులో ఆకులు ఎర్రబడే వారాంతాల్లో జనం విపరీతం, మామూలు రోజున పొద్దున్నే బయల్దేరండి.