రోగికి నేర్పడం – 4వ పాఠం: ఇన్సులిన్ సూది, ఆమె చేత్తోనే

పోయిన పాఠంలో రోగి పక్కన కూర్చుని, ఆమెకు ఇప్పటికే ఏం తెలుసో అడిగి తెలుసుకోవడం నేర్చుకున్నాం. ఈ వారం పని ఒక్కటే. రేపో ఎల్లుండో డిశ్చార్జి అయ్యే షుగర్ పేషెంటు ఇంట్లో తన ఇన్సులిన్ తానే వేసుకోగలగాలి.

ముందు నాకు జరిగింది చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో యాభై దాటిన ఒకామెకు పావుగంట సేపు అన్నీ వివరంగా చెప్పి, "అర్థమైందా అమ్మా?" అని అడిగాను. "అయింది సిస్టరమ్మా" అంది. పది రోజులకు షుగర్ 400 దాటి మళ్లీ మా వార్డుకే వచ్చింది. ఒక్క పూట కూడా మానలేదు. రోజూ 20 గీత దాకా లాగి వేసుకుంది. సంచీలోంచి సిరంజి తీసి చూపిస్తే, దాని మూత నారింజ రంగుది. సిరంజిల్లో రెండు రకాలుంటాయని నేను చెప్పనే లేదు.

మన దగ్గర సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లది. దానికి ఎర్ర మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల సీసాకైతే నారింజ మూతది. 40 సీసాలోంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. అటుదిటైతే ఇంకా ప్రమాదం. 100 సీసాకు ఎర్ర మూత సిరంజి వాడితే అదే 20 గీత దగ్గర 50 యూనిట్లు వెళ్తాయి, షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. అందుకే మందుల షాపులో ఏం అడగాలో ఆమె నోటితోనే చెప్పించండి. ఖాళీ సీసా, వాడే సిరంజి మూత వెంట తీసుకెళ్లమనండి. చదువు రాని వాళ్లకు కూడా రంగు గుర్తుంటుంది.

"అర్థమైందా?" అనే ప్రశ్న ఇక మానేయండి. దానికి ఎవరైనా అవుననే అంటారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవాలి, ఇంటికెళ్లాక మీ అమ్మాయికి ఎలా చెప్తారో నాకు చెప్పండి" అనండి. తప్పు చెప్తే మీ మాట మార్చి మళ్లీ నేర్పండి. ఆమెను కసరొద్దు.

చేతిపని మాత్రం ఒక్క పూటలో రాదు. మొదటి పూట సూది మీరు వేయండి, గీత ఎక్కడుందో ఆమె చదవాలి. రెండో పూట మందు ఆమె లాగుతుంది, మీరు సరిచూస్తారు. మూడో పూట ఆమే పొడుచుకుంటుంది, మీరు పక్కనుంటారు. ఆ మొదటి పోటుకు చెయ్యి వణుకుతుంది. తొందరపెట్టకండి.

పాలలా తెల్లగా ఉండే ఇన్సులిన్ అయితే సీసాను కుదపకూడదు. దీపానికి వత్తి చేసినట్టు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించమంటే చాలు, మన పెద్దమ్మలకు ఇంకేం వివరించక్కర్లేదు. పొట్ట మీద బొడ్డు చుట్టూ రెండు వేళ్ల మేర వదిలి, చర్మం కాస్త పట్టుకుని గుచ్చాలి. మందంతా నొక్కాక పది అంకెలు లెక్కపెట్టి తీయాలి. తర్వాత రుద్దకూడదు. రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ గడ్డలా గట్టిపడి మందు సరిగ్గా ఒంటికి పట్టదు కాబట్టి, వేలెడు దూరం జరుపుతూ ఉండాలి. చూపు ఆనని వాళ్లయితే ఇంట్లో ఇంకొకరిని కూడా పిలిపించి నేర్పండి.

సీసాను ఫ్రిజ్ తలుపు అరలో పెట్టాలి, ఐసు పెట్టే అరలో కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. ఫ్రిజ్ లేకపోతే మూత బిగించిన డబ్బాలో పెట్టి నీళ్ల కుండ చల్లదనంలో ఉంచమనండి.

ఇక షుగర్ పడిపోవడం. దీన్ని అసలు దాటవేయొద్దు. చెమటలు, వణుకు, గుండెదడ, కళ్లు తిరగడం ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. పావుగంటయ్యాక మళ్లీ చూసుకోవాలి. 70 కంటే తక్కువే ఉంటే మరోసారి తాగాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇది ఇంట్లో వాళ్లకు కూడా చెప్పాలి, ఆ సమయంలో చేయాల్సింది వాళ్లే. "శనివారం ఒక్కపొద్దు ఉంటారా, రోజా ఉంటారా?" అని మీరే అడగండి. అడగకపోతే చెప్పరు, పొద్దున సూది వేసుకుని అన్నం మానేస్తారు. ఉంటామంటే ఆ రోజు మోతాదు ఎంతో డాక్టరు గారితో ముందే రాయించండి.

అభ్యాసం: ఇద్దరు కలిసి చేయండి. ఒకరు రోగిగా నటిస్తూ కావాలని ఒక తప్పు చేయాలి. రెండోవాళ్లు దాన్ని పట్టుకుని, నొప్పించకుండా సరిదిద్దాలి. తర్వాత పాత్రలు మార్చుకోండి.

వచ్చే పాఠం: షుగర్ ఉన్నవారి పాదాలు. ఒక చిన్న అద్దం దగ్గర పెట్టుకోండి.