థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు నాడి చూసుకోవడం నేర్చుకోండి

థైరాయిడ్ తక్కువైనవారు వేసుకునే మాత్ర థైరాక్సిన్. దాని డోసు చాలకపోతే చెడు కొలెస్ట్రాల్, కింది బీపీ పెరుగుతాయి, నాడి మందగిస్తుంది. ఎక్కువైతే దడ, చేతుల వణుకు, నిద్ర పట్టకపోవడం. 60 దాటినవారికి అసలు ప్రమాదం ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకోవడం. అప్పుడు గుండెలో రక్తం గడ్డకట్టి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

చెన్నైలో మన ఇళ్లలో లెక్క తప్పేది ఎక్కువగా పొద్దున్నే, డికాక్షన్ కాఫీ దగ్గరే. మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు. పరగడుపున మంచినీళ్లతో మాత్ర వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి. పాలు, రాగి జావ కూడా ఆ తర్వాతే. కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటల ఎడం కావాలి. పొద్దున కుదరనివారు రాత్రి భోజనమైన 3 గంటలకు వేసుకోవచ్చు, కానీ రోజూ ఒకే వేళకు.

ఈ క్రమం తప్పితే ఏమవుతుందంటే, కాఫీతో మింగినన్నాళ్లూ రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (మందు చాలకపోతే పెరిగే, ఎక్కువైతే తగ్గే హార్మోన్) పెరుగుతుంది, డాక్టర్ డోసు పెంచుతారు. తర్వాత ఎవరో చెబితే పరగడుపున వేసుకోవడం మొదలుపెడతారు. పెంచిన డోసు ఇప్పుడు పూర్తిగా పడుతుంది, నెల తిరిగేసరికి దడ మొదలవుతుంది. కాబట్టి వేసుకునే పద్ధతి మార్చినా, కంపెనీ మార్చినా డాక్టర్‌కు చెప్పి 6 నుంచి 8 వారాలకు టీఎస్‌హెచ్ చూపించుకోండి. ఒంట్లో ఈ మందు సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అంతకంటే ముందు చేయిస్తే ఫలితం నిలకడగా ఉండదు. డోసు కుదిరాక 6 నెలలకో ఏడాదికో ఒకసారి చాలు. జుట్టు కోసం బయోటిన్ వాడేవారు పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపాలి, లేకపోతే అంకెలు తప్పుగా వస్తాయి.

మందుల షాపులో సీసా మీద అంకె మీరే చదవండి. 25కి బదులు 125 మైక్రోగ్రాములు చేతికొస్తే ఐదింతల మందు. ఈ ఊరి ఉక్కపోతకు మాత్రలు చెడకుండా మూత బిగించి, పొయ్యికీ బాత్‌రూమ్‌కీ దూరంగా పెట్టండి.

వారానికోసారి నాడి చూసుకోండి. మెరీనాలో నడిచొచ్చిన వెంటనే కాదు, కాఫీకి ముందు, 5 నిమిషాలు కదలకుండా కూర్చున్నాక. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు ఆనించి నిమిషం నిండా లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో హెచ్చిస్తే లయ తప్పడం దొరకదు. కూర్చుని ఉన్నా 100 దాటుతున్నా, కొట్టుకోవడంలో వరుస లేకపోయినా ఆ రోజే ఈసీజీ తీయించుకోండి.

టీఎస్‌హెచ్ 0.1 కంటే తగ్గితే డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్ క్యాన్సర్ ఆపరేషన్ అయినవారిలో కొందరికి కావాలనే తగ్గించి ఉంచుతారు, వారు సొంతంగా డోసు మార్చవద్దు. గుండె జబ్బు ఉన్నవారికి 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఆ నిదానం చూసి విసుగొచ్చినా, తొందరపడి పెంచుకుంటే గుండెనొప్పి రావచ్చు. కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ రాస్తే, ఈమధ్య టీఎస్‌హెచ్ చూశారా అని అడగండి. థైరాయిడ్ తక్కువగా ఉండగా స్టాటిన్ వేస్తే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ.

థైరాయిడ్ ఎక్కువై కార్బిమజోల్ వాడేవారికి జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి వెంటనే రక్తకణాల పరీక్ష చేయించాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి థైరాయిడ్ డోసు మారినప్పుడల్లా ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) మళ్లీ చూడాలి. గుండె లయకు ఇచ్చే అమియోడరోన్‌లో అయోడిన్ చాలా ఎక్కువ, అది వాడుతున్నంతకాలం 6 నెలలకోసారి టీఎస్‌హెచ్ తప్పదు.

ఛాతీ బరువు, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. థైరాయిడ్ డోసు, చివరి టీఎస్‌హెచ్ చీటీ ఫోటో ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో కూడా ఉంచండి, ఆ క్షణంలో మీరు మాట్లాడలేకపోవచ్చు.