కార్పొరేషన్‌లో కలిసిన మన పేటకు జనాభా లెక్క ఎలా తీయాలి

నగరం మొత్తం జనాభా ఎంత అంటే ఎక్కడైనా దొరుకుతుంది. అందులో ఒక పేటకో, కార్పొరేషన్‌లో కలిసిపోయిన పాత ఊరికో ఎంత అన్నప్పుడే తంటా. 2021లో జరగాల్సిన లెక్కింపు వాయిదా పడింది కాబట్టి వార్డు దాకా వెళ్లాలంటే 2011 లెక్కలే గతి. అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే: 2011 లెక్కల్లో ఆ చోటు పంచాయతీనా, విడి మున్సిపాలిటీనా, వార్డా, వార్డులో ఒక ముక్కా?

అప్పటికి విడిగా ఉండి ఉంటే పని సగం అయిపోయినట్టే. అనకాపల్లి, భీమునిపట్నం 2013లో విశాఖలో కలిశాయి. కాబట్టి 2011 లెక్కల్లో వాటి పేరుతోనే విడి వరుసలున్నాయి. గాజువాక 2005లోనే కలిసిపోయింది, దానికి 2001 లెక్కలు తీయాలి. 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసిన కూకట్‌పల్లి, మల్కాజిగిరి లాంటి మున్సిపాలిటీలదీ అదే దారి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌ను మాత్రం గ్రేటర్ వార్డుల్లో వెతికి లాభం లేదు, అది 2011లోనూ విడి పట్టణమే. పేరు పక్కన ఓజీ (అవుట్‌గ్రోత్) అని ఉంటే అది పట్టణాన్ని ఆనుకుని పెరిగిన గ్రామ భాగం.

సెన్సస్ ఇండియా వెబ్‌సైట్‌లో దించుకోవాల్సింది 2011 ప్రైమరీ సెన్సస్ ఆబ్‌స్ట్రాక్ట్, అంటే ఊళ్లు, వార్డుల వారీగా ముఖ్యమైన అంకెలున్న పట్టిక, అందరూ పీసీఏ అనేది. తెలంగాణ జిల్లాలకైనా ఆంధ్రప్రదేశ్ కిందే చూడాలి. అప్పటికి రాష్ట్రం ఒకటే, కోడ్ 28. జిల్లాలూ పాతవే. గ్రేటర్ హైదరాబాద్ అప్పట్లో హైదరాబాద్, రంగారెడ్డి, మెదక్ జిల్లాల్లో పరుచుకుని ఉంది. హైదరాబాద్ ఫైలు ఒక్కటే తెరిచి మా వార్డు లేదేమిటని వెతుక్కునేవాళ్లు ఎక్కువమంది. మూడూ దించుకోండి. ఎక్సెల్ కుదరకపోతే జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్ రెండో భాగంలో ఇవే అంకెలు పీడీఎఫ్‌గా ఉంటాయి.

ఫైలు తెరవగానే లెవెల్ అనే నిలువు వరుసలో వార్డు అన్నదాన్ని మాత్రమే ఫిల్టర్ చేయండి. జిల్లా, మండలం, పట్టణం, వార్డు అన్నీ ఒకే పట్టికలో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఫిల్టర్ లేకుండా కూడితే అదే మనిషిని మూడు నాలుగుసార్లు లెక్కపెట్టినట్టు. వార్డు నంబరు 0007 లాంటి రూపంలో ఉంటుంది. సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా టెక్స్ట్ ఫైలుగా) దాచి మళ్లీ తెరిస్తే ముందున్న సున్నాలు ఎగిరిపోయి, ఆ తర్వాత మ్యాపుతో జత కలవదు. ఆ వరుసను టెక్స్ట్‌గానే ఉంచాలి. పట్టికలో ఈబీ అనే నిలువు వరుసా ఉంటుంది. ఈబీ అంటే ఎన్యూమరేషన్ బ్లాక్, లెక్కింపు కోసం విడగొట్టిన ఇళ్ల గుంపు. వార్డుకన్నా చిన్నదే కానీ బయటికిచ్చిన ఫైళ్లలో ఆ వరుసలో అన్నీ సున్నాలే, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

అక్షరాస్యత శాతం దగ్గర పొరపాటు మామూలే. వార్డులో 10,000 మంది, వాళ్లలో ఏడేళ్లు నిండని పిల్లలు 1,000, చదువు వచ్చినవాళ్లు 7,200 అనుకుందాం. నేరుగా భాగిస్తే 72 శాతం వస్తుంది. అది తప్పు. ఏడేళ్లు నిండినవాళ్లనే లెక్కలోకి తీసుకోవాలి కాబట్టి 7,200ను 9,000తో భాగించాలి, 80 శాతం. వార్డు వరుసలో కుటుంబాలు, ఆడ, మగ, ఏడేళ్లు నిండని పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనివాళ్ల వివరాలు దొరుకుతాయి. మతం, మాతృభాష, మిగతా వయసులు వార్డుకు రావు. విస్తీర్ణం కూడా ఉండదు కనుక జనసాంద్రత కావాలంటే హద్దులు మీరే గీసుకుని కొలవాలి.

మరుగుదొడ్డి, కుళాయి, వంట గ్యాస్ లాంటివి వేరే ఫైల్లో, హౌస్‌లిస్టింగ్ (ఇళ్ల వివరాల) పట్టికల్లో ఉంటాయి. అక్కడ అంకెలు కావు, శాతాలు. రెండు వార్డుల శాతాలను కూడి రెండుతో భాగించకండి. ఒక్కోదాన్ని ఆ వార్డు కుటుంబాల సంఖ్యతో గుణించి, కూడి, మొత్తం కుటుంబాలతో భాగించాలి. పీసీఏ కుటుంబాల సంఖ్యలో హాస్టళ్లు, జైళ్ల వంటివీ కలుస్తాయి, హౌస్‌లిస్టింగ్‌లో కలవవు. కాస్త తేడా కనబడితే కంగారు అక్కర్లేదు.

ఇక అసలు తలనొప్పి హద్దులు. ఇప్పటి 12వ వార్డు 2011 నాటి 12వ వార్డు అవుతుందని నమ్మకండి. పునర్విభజన జరిగిన ప్రతిసారీ నంబర్లు తారుమారవుతాయి. 2011కు ముందు చివరిగా వార్డులను విభజించినప్పటి జీవో సంపాదించండి. మున్సిపల్ ఆఫీసు టౌన్ ప్లానింగ్ విభాగంలో అడగాలి, ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు. అందులో ఉత్తరం, తూర్పు, దక్షిణం, పడమర హద్దులు వీధుల పేర్లతో, డోర్ నంబర్లతో రాసి ఉంటాయి. వాటిని మ్యాపులు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో గీసుకుంటే మీ పేట ఏయే వార్డుల్లో పడిందో తేలుతుంది.

పేట వార్డులో కొంతే అయితే విస్తీర్ణాన్ని బట్టి జనాభాను పంచకండి. చెరువు, శ్మశానం, పరిశ్రమల స్థలం ఉన్న వైపుకీ జనం వచ్చి పడతారు. ఓటర్ల జాబితాలో ఒక్కో పోలింగ్ భాగానికి ఏయే వీధులో ఉంటుంది. మీ పేటలోని ఓటర్లు వార్డు ఓటర్లలో ఎంత వంతో చూసి, ఆ నిష్పత్తిని జనాభాకు వర్తింపజేయండి. వచ్చిన అంకెను వందల్లోకి సరిచేసి, పక్కనే అంచనా అని రాయండి. మొత్తం జనాభాకు ఈ పద్ధతి నడుస్తుంది, ఎస్సీ, ఎస్టీ సంఖ్యలకు మాత్రం వాడొద్దు. ఆ కుటుంబాలు చాలాచోట్ల ఒకటి రెండు వీధుల్లోనే ఉంటాయి. వార్డంతా సమానంగా పంచితే ఉన్నచోట తగ్గి, లేనిచోట పెరుగుతుంది.