మ్యాజిక్ షోలో నాణెం పట్టుబడిపోతుంటే

సమస్య: నాణేన్ని ఎడమచేతిలోకి మార్చినట్టు చూపిస్తారు. గుప్పిట విప్పకముందే ముందు వరసలోని పిల్లవాడు "అంకుల్, కుడిచేతిలోనే ఉంది!" అని అరుస్తాడు.

కారణం: వాడు నాణేన్ని చూసి ఉండడు, మీ కళ్లను చూసి ఉంటాడు. దాచిన చేతి మీదే మనసుంటే చూపూ అటే పోతుంది. ఆ చెయ్యి కర్రలా బిగుసుకుంటుంది. ఖాళీ గుప్పిటేమో లోపల ఏమీ లేదని చెప్పేస్తున్నట్టు వదులుగా ఉంటుంది.

పరిష్కారం: కొన్నాళ్లు దాచడం మానేయండి. నాణేన్ని నిజంగానే ఇరవైసార్లు ఎడమచేతిలో పెట్టండి. చూపు ఎప్పుడు తిరిగింది, వేళ్లు ఎలా మూసుకున్నాయి, పని అయిపోయిన కుడిచెయ్యి ఎలా కిందికి వాలింది, అన్నీ గమనించండి. ఆ తర్వాత దొంగ మార్పిడి కూడా అచ్చం అలాగే చేయాలి, ఖాళీ గుప్పిటను మీరే నమ్మకంగా చూస్తూ. దీన్ని కనికట్టు అన్నారు గానీ చేతికట్టు అనలేదు కదా! అద్దం ముందు సాధన చేసేవాళ్లు అసలు కదలిక దగ్గర తెలియకుండానే రెప్ప వేస్తుంటారు. అందుకే ఫోన్‌లో వీడియో తీసుకుని చూసుకోవడం మేలు.

ఎదురుగా ఉన్నవాళ్లకు అంతా బాగున్నా పక్కవాళ్లకు గుట్టు కనిపిస్తోందా? అది కోణాల లోపం. బడి వరండాల్లో పిల్లలు మూడువైపులా కూర్చుంటారు. ఫోన్‌ను వాళ్ల కంటి ఎత్తులో రెండు చివర్లా పెట్టి చూడండి. గోడకు వీపు చేసి నిలబడండి. అయినా కనిపిస్తే ఆ రోజుకు ఆ ట్రిక్ వదిలేయండి.

సమస్య: నవ్వు మొదలై మధ్యలోనే ఆగిపోతోంది.

కారణం, జనం నవ్వుతుండగానే మీరు తర్వాతి మాట ఎత్తుకోవడం. ఆ మాట వినాలని వాళ్లు నవ్వు ఆపుకుంటారు. నోరు మూసుకుని నిలబడండి. పగలబడి నవ్వేటప్పుడు చూపుల్లో పట్టు సడలుతుంది కాబట్టి, చేతిలోది జేబులోకి జారవేయడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. వేదిక మీదికి పిలిచినవాళ్ల రంగు మీద, పొట్టి పొడుగుల మీద మాత్రం జోకులు వేయొద్దు. వాళ్లు మీ అతిథులు.

సమస్య: చేతులకు కట్టిన తాడు ఊడి రావడం లేదు.

కారణం: కట్టేటప్పుడు చేతులు నమస్కారంలా జోడించి ఇచ్చారు. మణికట్టు గుండ్రంగా ఉండదు, కాస్త బల్లపరుపుగా ఉంటుంది. అలా జోడిస్తే చుట్టుకొలత తగ్గిపోయి, విప్పుకోవడానికి వదులే మిగలదు.

పరిష్కారం: అరచేతులు నేలవైపు ఉంచి, బొటనవేళ్ల వైపు మణికట్లు ఆనించి, పిడికిళ్లు బిగించి కట్టించుకోండి. ముడి పడ్డాక అరచేతుల్ని ఎదురెదురుగా తిప్పితే సందు దొరుకుతుంది. మెత్తని నూలు తాడు వాడండి. మెడకు ఏదీ చుట్టించుకోవద్దు, నీళ్ల జోలికి అసలే పోవద్దు. 2019 జూన్‌లో మాండ్రేక్ పేరుతో ప్రదర్శనలిచ్చే చంచల్ లాహిరి గొలుసులతో కట్టుకుని కోల్‌కతాలో హుగ్లీ నదిలోకి దిగారు. ప్రాణాలతో పైకి రాలేదు. కత్తెర పట్టుకున్న మనిషి మీకు రెండడుగుల దూరంలోనే ఉండాలి. "కోసేయ్" అనే సంకేతం ఏమిటో ఇద్దరూ ముందే అనుకుని ఉండాలి.