సింగిల్ షాట్ తుపాకీ: ఎజెక్టరా, ఎక్స్‌ట్రాక్టరా?

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట ముగిసిపోయింది. కాబట్టి ఇది అమెరికాలో వేటకు వెళ్లే మనవాళ్ల కోసం. హెచ్1బి మీద ఉన్నవాళ్లు ఒక సంగతి ముందే తెలుసుకోవాలి: అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం మీ దగ్గర తుపాకీ ఉండకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు ఉంటే తప్ప. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవి పందులను వేటాడటానికి 2019 నుంచి లైసెన్స్ అడగడం లేదు, అయినా మీరు తీసుకోండి.

ఇక అసలు విషయం. సింగిల్ షాట్ అంటే ఒకసారికి ఒకే తూటా పట్టే తుపాకీ, కాల్చిన ప్రతిసారీ తెరిచి మళ్లీ నింపాలి. తుపాకీ తెరవగానే ఎక్స్‌ట్రాక్టర్ ఖాళీ షెల్‌ను (కాల్చాక మిగిలే తూటా తొడుగును) కొంచెం పైకి లేపి వదిలేస్తుంది, మిగతాది వేళ్లతో లాగాలి. ఎజెక్టర్ స్ప్రింగ్ బలంతో దాన్ని బయటికి విసిరేస్తుంది. థాంప్సన్ సెంటర్ ఎన్‌కోర్‌లో మొదటిది ఉంటుంది, పాత హెచ్ అండ్ ఆర్ టాపర్ షాట్‌గన్‌లో రెండోది.

పావురాల వేటకు షాట్‌గన్ కొంటుంటే ఎజెక్టర్ తీసుకోండి. ఒకదాని వెంట ఒకటి కాలుస్తారు, చలిలో గ్లవుజులతో షెల్ పట్టుకుని లాగడం మహా చిరాకు. జింకకో పందికో రైఫిల్ అయితే మాత్రం నా ఓటు ఎక్స్‌ట్రాక్టర్‌కే. సింగిల్ షాట్ పట్టుకున్నవాడు మొదటి గుండు మీదే ఆధారపడాలి, రెండోదానికి ఒకటి రెండు సెకన్లు మిగిలినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఇత్తడి షెల్స్‌ను మళ్లీ నింపుకునేవాళ్లకు గడ్డిలో వెతికే పనీ ఉండదు. రూగర్ నంబర్ 1 అయితే ఆ తలనొప్పే లేదు, దాని ఎజెక్టర్‌ను ఎక్స్‌ట్రాక్టర్‌లా పనిచేసేటట్టు మార్చుకోవచ్చు.

కొనేముందు షాపులో అడిగి డమ్మీ (మందు లేని) తూటా పెట్టి చూడండి. 30-30, 45-70 లాంటి రకాల తూటాలకు అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది, ఎక్స్‌ట్రాక్టర్ దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. 308 విన్‌చెస్టర్‌కు అలాంటి అంచు లేదు, ఎక్స్‌ట్రాక్టర్‌లో స్ప్రింగ్ మీద కదిలే చిన్న ముక్క తూటా గాడిలో కూర్చోవాలి, అది మురికి పట్టినా అరిగినా షెల్ మీదుగా జారిపోయి తూటా లోపలే ఉండిపోతుంది. అందుకే నాలుగైదు సార్లు తెరిచి మూసి చూడండి.

ఎజెక్టర్ ఉన్న చవక తుపాకీల్లో చాలావాటికి కాల్చిన తూటా, కాల్చనిది అనే తేడా తెలియదు, రెండింటినీ విసిరేస్తుంది. కంచె దాటేముందు ఖాళీ చేసేటప్పుడు అరచేతిని వెనక అడ్డంపెట్టి మెల్లగా తెరవండి, ముఖం పక్కకు తిప్పి ఉంచండి.

కాల్చిన షెల్ ఇరుక్కుంటే కత్తితో గీకకండి, చాంబర్ (తూటా కూర్చునే గది) పాడవుతుంది. బ్యారెల్ ముందువైపు నుంచి క్లీనింగ్ రాడ్ పెట్టి మెల్లగా తట్టండి. కాల్చని తూటా ఇరుక్కుంటే మాత్రం రాడ్ జోలికే పోకండి, బ్యారెల్‌ను ఎవరూ లేని వైపు ఉంచి గన్‌స్మిత్‌కు (తుపాకీలు బాగుచేసే అతనికి) ఫోన్ చేయండి. చాంబర్ శుభ్రంగా ఉండి, ఫ్యాక్టరీ తూటాలు వాడినా పదేపదే ఇరుక్కుంటోందంటే లోపల గరుకు ఉందేమో అతనితోనే చూపించుకోండి.