మోరీ పొంగితే ఎట్ల అడగాలె

ముందుగాల ఫోటో తీయుండ్రి. పక్కన కరెంటు స్తంభం మీది నంబరు గూడ పడాలె, లేకుంటే "జాగ దొరకలే" అంటరు. మా గల్లీల నల్లా పైపు మోరీలకెల్లే పోతది, అందుకే దరఖాస్తుల మొదటి లైనే "తాగే నీళ్లల్ల మురికి కలుస్తున్నది" అని రాస్త. వాసనొస్తున్నదని రాస్తే ఎవ్వరు కదలరు.

వార్డు ఆఫీసర్‌కు వాట్సాప్ పెట్టినా సరే, మున్సిపల్ ఆఫీసు ఇన్‌వార్డుల (కాయితాలు తీసుకునే కాడ) కాయితం ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర, తేదీ, నంబరు ఏయించుకోండ్రి. పని కాకుంటే అదే కాపీ వట్కొని సోమవారం నల్లగొండ కలెక్టరేట్ల జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి పోండ్రి. ఆ తర్వాత 10 రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు ఉండనే ఉన్నది. 30 రోజులల్ల జవాబియ్యాలె.

మనిషిని మ్యాన్‌హోల్ల దింపుతమంటే ఒప్పుకోవద్దు, మనుషులతోని మురికి ఎత్తిపిచ్చుడు ఆపేటందుకు తెచ్చిన 2013 చట్టం ఉన్నది. నీళ్లు జోరుగ కొట్టి మోరీ సాఫ్ జేసే జెట్టింగ్ మిషన్ అడుగుండ్రి. తీసిన బురద ఒడ్డుమీదనే ఇడిస్తే వానకు మళ్ల అండ్లనే పడతది. ట్రాక్టర్ల ఎత్తెదాంక, పనోళ్లకు చాయ పోసుకుంట, ఆడ్నే నిలబడుండ్రి.