తెలుగులో డూప్లెక్స్ కవిత: ఏడు పాదాలు, పద్నాలుగు అడుగులు

అమెరికన్ కవి జెరికో బ్రౌన్ తన 'ది ట్రెడిషన్' సంపుటిలో (2019; మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది) డూప్లెక్స్ అనే కొత్త రూపాన్ని తెచ్చారు. సానెట్ నుంచి 14 పాదాలు, గజల్ నుంచి రెండేసి పాదాల విడి జంటలు, నల్లజాతి అమెరికన్ల బ్లూస్ పాటల నుంచి అన్నమాటనే కాస్త మార్చి మళ్లీ అనడం తీసుకున్నారు. నల్లజాతి మనిషి, గే, అమెరికా దక్షిణాదివాడు: ఇన్ని నిజాలను ఒకే ఒంట్లో మోస్తున్నప్పుడు, అనేక రూపాలు కలిసిన రూపమే కావాలనుకున్నారు.

రాయాల్సింది నిజానికి 7 పాదాలే. ఒక్కోటి రెండుసార్లు వస్తుంది. జంటల వరుస ఇదీ: 1-2, 2-3, 3-4, 4-5, 5-6, 6-7, 7-1. మన ముక్తపదగ్రస్తంలో పాదం చివరి మాట తర్వాతి పాదానికి మొదలవుతుంది కదా, ఇక్కడ పాదం మొత్తం అలా అందుకోబడుతుంది.

ముందు ఒక్కో పాదం ఒక్కో కాగితం ముక్క మీద, 15 నుంచి 20 దాకా రాయండి. ఇంగ్లిష్‌లో పాదానికి 9 నుంచి 11 సిలబుల్స్ లెక్క. తెలుగులో 9 నుంచి 11 అక్షరాలకు మూడు నాలుగు మాటలే పడతాయి, అయినా ఆ ఇరుకే మేలు: వివరణకు చోటుండదు. ముక్కలను నేల మీద పరిచి, పక్కపక్కన పెట్టి చూస్తూ 7 ఏరండి. రెండో పాదం మొదటిదాన్ని వివరించకూడదు, మలుపు తిప్పాలి.

పేరు పిలిస్తే తలుపు తీశాను
గుమ్మంలో ఇద్దరు నిలబడ్డారు

ఇద్దరం నిలబడ్డ ఆ గుమ్మంలో
ఒకరి పేరే బయట చెప్పాము

ప్రతి పాదం 11 అక్షరాలు. 'ఇద్దరు' 'ఇద్దరం' అయింది, క్రియ, మాటల వరుస కాస్త మారాయి, అంతే. వాకిట్లో నిలబడ్డ భయం, దాచుకున్న ప్రేమగా మారింది. ఈ రూపంలో పనంతా ఇలాంటి చిన్న మార్పు మీదే నడుస్తుంది. పాదాన్ని యథాతథంగా దించితే చదివేవారు దాటేస్తారు. సగానికి మించి మారిస్తే ప్రతిధ్వని వినపడదు. ప్రత్యయం, విభక్తి, మాటల వరుస, వీటితో సరిపెట్టుకోండి.

తెలుగులో ఎక్కువగా చెడేది క్రియ దగ్గర. 'వెళ్లి', 'చూస్తూ' అని ముగిసిన పాదం చోటు మారగానే వాక్యాన్ని ముగించే కొత్త క్రియ (సమాపక క్రియ) కోసం వెతుక్కుంటుంది, జంట కూలుతుంది. 7 పాదాలూ 'ను', 'డు', 'రు'లతో ముగిస్తే అదొక మొనాటనీ. రెండు మూడు పాదాలను నామవాచకంతో ఆపండి. 'కాబట్టి', 'ఆ తర్వాత' తీసేయండి.

క్వీర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్ వ్యక్తులు తదితరుల) కవితకు మన భాష ఇచ్చే వరం ఒకటుంది. 'నేను', 'నువ్వు' పక్కన క్రియ లింగం చెప్పదు. 'తను' కూడా చెప్పదు, కానీ ఏకవచనంలో 'వచ్చాడు', 'వచ్చింది' అనగానే బయటపడుతుంది. ఆ క్రియ ఏ పాదంలో పడాలో మీరే నిర్ణయించాలి, పొరపాటున పడనివ్వకండి. నాలుగో ఐదో పాదందాకా 'నువ్వు'తో నడపడం మంచిదని మా అభిప్రాయం.

న్యాయం, వివక్ష, సమానత్వం లాంటి మాటలు ఇక్కడ త్వరగా అరిగిపోతాయి, ఎందుకంటే ప్రతిదీ రెండుసార్లు వినపడుతుంది. వాటి బదులు తలుపు, కాలి చెప్పు, రశీదు లాంటి వస్తువులు పెట్టండి. గాయం మీది కాకపోతే చనిపోయినవారి గొంతుతో 'నేను' అనకండి. మీరు నిలబడ్డ చోటు నుంచే రాయండి: చూసినవారుగా, పక్కింటివారుగా, ఆ గాయం చేసిన వ్యవస్థలో లాభపడ్డవారుగా కూడా.

ఏడో పాదాన్ని చివర్లో రాస్తే అది మొదటి పాదంతో అతకదు. అందుకే 1, 7 ముందే ఎంచుకుని, ఆ రెంటినే కలిపి పైకి చదవండి. రెండూ కలిశాక మొదటి పాదం ఇంకా పాత అర్థంలోనే వినిపిస్తుంటే, ఏడో ముక్క తీసి నేల మీద మిగిలినవాటిలోంచి మరొకటి పెట్టి చూడండి.